అగ్రిమెంటులో ‘వీలైనంత త్వరగా’ అంటే ఎప్పటిలోగా? గడువు మాటల్ని చదవడం, రాయించుకోవడం ఎలా

అగ్రిమెంటు డ్రాఫ్టు చేతికి రాగానే మనం ముందు చూసేది డబ్బు. తర్వాత పేర్లు, సర్వే నంబరు, హద్దులు. గడువు గురించి రాసిన వాక్యాల దగ్గర మాత్రం ‘ఇదంతా మామూలే కదా’ అనుకుని పేజీ తిప్పేస్తాం. రేపు తేడా వచ్చి లాయరు ముందు కూర్చుంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న ‘ఎప్పటిలోగా అని రాసుకున్నారు?’ అనే. కాగితం తిరగేస్తే అక్కడ ‘వీలైనంత త్వరగా’ అనో, ‘సహేతుకమైన కాలంలో’ అనో, ‘తగు సమయంలో’ అనో ఉంటుంది.

ఈ మాటలకు అర్థం లేదనుకోవద్దు. ఉంది. కాకపోతే అది సంతకం పెట్టిన రోజున తేలదు. గొడవయ్యాక మీ ఉత్తరాలు, మెసేజీలు, మీరు చేసిన పనులు, చేయని పనులు చూసి జడ్జి తేలుస్తారు. అంతదాకా పోకుండా ఏం చేయాలో, పోవాల్సివస్తే చేతిలో ఏం ఉండాలో వరసగా చెబుతాను. ఇదంతా మన దేశంలో అమల్లో ఉన్న 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని బట్టి. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి అక్కడి కాగితం మీద సంతకం పెట్టేవాళ్ల లెక్క వేరు. అక్కడ కూర్చుని ఇక్కడి ఫ్లాటు కొనేవాళ్లకు మాత్రం ఇదే లెక్క.

1. జిరాక్స్ తీసి, గడువు మాటలకు సున్నాలు చుట్టండి

ఒరిజినల్ మీద గీతలొద్దు. జిరాక్స్ కాపీలో కాలాన్ని చెప్పే ప్రతి మాటకూ పెన్నుతో సున్నా చుట్టండి. పది పేజీల అగ్రిమెంటులో సున్నాలు పదిహేను దాకా వచ్చినా ఆశ్చర్యం లేదు. అవి మూడు రకాలుగా ఉంటాయి.

మొదటి రకం తేదీలు: ‘30-06-2026 లోగా’. వీటితో పేచీ తక్కువ. రెండో రకం సాగే మాటలు: వీలైనంత త్వరగా, తక్షణమే, సకాలంలో, సహేతుక కాలంలో.

మూడో రకాన్ని మనం తేదీ అనుకుని మోసపోతాం. ‘అనుమతులన్నీ వచ్చిన తేదీ నుంచి 24 నెలల్లో’, ‘సర్వే పూర్తయిన 30 రోజుల్లో’, ‘లోను మంజూరయ్యాక 45 రోజుల్లో’. అంకె కనబడగానే మనసు నెమ్మదిస్తుంది. ఆ లెక్క ఎప్పుడు మొదలవుతుందో, మొదలుపెట్టడం ఎవరి చేతిలో ఉందో చూడం. అనుమతులు తేవాల్సింది బిల్డరే, అవి వచ్చాయని చెప్పాల్సిందీ బిల్డరే అయితే ఆ 24 నెలలు ఎప్పటికీ మొదలవకపోవచ్చు. నన్నడిగితే ‘వీలైనంత త్వరగా’ కంటే ఇదే ప్రమాదం. సున్నా చుట్టిన ప్రతిచోటా పక్కన రాసుకోండి: ఎప్పుడు మొదలు? ఎవరు మొదలుపెట్టాలి? అది జరగకపోతే?

2. సాగే మాట ఎంతవరకు సాగుతుందో అంచనా వేయండి

పని ఎప్పటిలోగా చేయాలో ఒప్పందంలో అసలేమీ రాయకపోతే, దాన్ని సహేతుక కాలంలో చేయాలని కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. సహేతుక కాలమంటే ఎంత? అది ఏ కేసుకు ఆ కేసులో వాస్తవాలను బట్టి తేలాల్సిన ప్రశ్న అని అదే సెక్షన్ వివరణ. సరుకుల అమ్మకం గురించి 1930లో వచ్చిన చట్టంలోనూ ఇదే సూత్రం.

ఏ వాస్తవాలు? పని ఎలాంటిది, ఆ వ్యాపారంలో మామూలుగా ఎంత పడుతుంది, ఒప్పందం నాటికి ఇద్దరికీ ఏమేం తెలుసు, ఆలస్యం ఎవరి చేతిలో ఉన్న కారణం వల్ల జరిగింది, మధ్యలో ఇద్దరూ ఎలా నడుచుకున్నారు. నూజివీడు నుంచి మామిడికాయల లోడు పంపిస్తానన్న వ్యాపారికి సహేతుక కాలమంటే రోజుల లెక్క. మూడు వారాల తర్వాత లారీ వస్తే అందులో ఉండేది కాయలు కాదు, వాసన. అదే ఇల్లు కట్టేవాడికైతే మూడు వారాలు ఏ మూలకూ చాలవు.

ఫ్లాట్ల విషయంలో ఒక కొలత దొరికింది. ఎప్పుడు అప్పగించాలో అగ్రిమెంటులో లేని ఒక కేసులో, కొన్నవాళ్లను అంతూపొంతూ లేకుండా ఎదురుచూడమనడం కుదరదని, అక్కడి పరిస్థితుల్లో మూడేళ్లు సహేతుక కాలమని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. దీన్ని అన్ని ఫ్లాట్లకూ అచ్చు గుద్దినట్టు వాడలేం గానీ, ‘డేట్ రాయలేదు కాబట్టి ఎప్పుడైనా ఇస్తాం’ అనేవాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుంది.

‘తక్షణమే’ మరింత బిగువైన మాట. ‘వీలైనంత త్వరగా’కు, దీనికి తేడా ఏమిటనే ప్రశ్న 1956లోనే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అది ఒప్పందాల కేసు కాదు, ముందస్తు నిర్బంధ చట్టం కింద బొంబాయిలో నడిచిన కేసు. కోర్టు చెప్పిన దాని సారం: ‘వీలైనంత త్వరగా’ అంటే ఆ పనికి సబబుగా కావాల్సినంత సమయంలో, ‘తక్షణమే’ అంటే తప్పించుకోగలిగిన ఆలస్యం ఏదీ లేకుండా. అంటే ‘తక్షణమే’ అని రాసినా ఆ క్షణానే అని కాదు. ఎందుకు ఆలస్యమైందో చెప్పాల్సిన బరువు మాత్రం చేసేవాడి నెత్తిన పడుతుంది.

కొన్నిచోట్ల చట్టమే గడువు పెట్టేసింది. చిన్న పరిశ్రమ నడుపుతూ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) ఉన్నవాళ్లు సరుకిస్తే, కొన్నవాళ్లు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. అసలేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఇది. ‘వీలు చూసుకుని పేమెంట్ చేస్తాం’ అనే పార్టీలకు ఒక్కసారి చూపించండి.

3. రోజుల లెక్క కాగితం మీదే తేల్చుకోండి

‘ఈ తేదీ నుంచి 30 రోజులు’ అంటే ఆ తేదీని లెక్కలో వేయకూడదు. ‘నెల’ అంటే క్యాలెండరు నెల, 30 రోజులు కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఈ లెక్కలు పెట్టింది చట్టాల కోసం. ఒప్పందాల్లోనూ మామూలుగా ఇలాగే లెక్కిస్తారు గానీ, దాని మీద ఆధారపడటమెందుకు? ఆఖరి రోజు ఆదివారమో దసరానో అయితే మర్నాటికి జరుగుతుందా? కోర్టుల్లో, ఆఫీసుల్లో చేయాల్సిన పనులకు ఆ వెసులుబాటు చట్టంలో ఉంది. మీ ఇద్దరి ఒప్పందానికి దానంతటదే రాదు. కాబట్టి ఒక్క వాక్యం రాయించుకోండి: ‘గడువు చివరి రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు సెలవైతే ఆ తర్వాతి పనిదినం గడువు తేదీ అవుతుంది.’

4. గడువు దాటితే ఒప్పందం పోతుందా, పరిహారమేనా అన్నది చూడండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చదవండి. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ గడువుల్ని రెండుగా విడదీస్తుంది. గడువే ఒప్పందానికి ప్రాణమైతే, దాటిన మరుక్షణం అవతలివాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అలా కాకపోతే రద్దు కుదరదు, ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం అడగొచ్చు, అంతే. ఇది ఏ రకమో ఎలా తెలుస్తుంది? రాసిన మాటలను బట్టి, ఆస్తి స్వభావాన్ని బట్టి, ఇద్దరి నడవడిని బట్టి.

భూమి, ఇల్లు కొనుగోళ్లలో గడువు ప్రాణం కాదన్నది కోర్టులు మామూలుగా మొదలుపెట్టే చోటు. కానీ 1992లో సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన కేసులో, అడ్వాన్సు పోగా మరో 98,000 రూపాయలు ‘పది రోజుల్లో మాత్రమే’ కట్టాలని రాసుకున్నారు. ఆ ‘మాత్రమే’ను కోర్టు తేలిగ్గా తీసుకోలేదు. గడువు ప్రాణమేనని తేల్చింది. డాక్యుమెంట్ రైటరు అలవాటుగా రాసే చిన్న మాట మీద ఒక ఇల్లు ఆధారపడింది!

1997లో మరో తీర్పు. మదురైలో ఇల్లు, ధర 60,000, అడ్వాన్సు 5,000, గడువు ఆరు నెలలు. కొనేవాళ్లు రెండున్నరేళ్లు కదలకుండా ఉండి, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ చేయమని కోర్టుకెళ్లారు. దావాకు మూడేళ్ల కాలపరిమితి దాటలేదు. అయినా ఊళ్లలో స్థలాల ధరలు ఇలా పెరుగుతున్నప్పుడు రాసుకున్న గడువును పూర్తిగా పక్కన పెట్టేయలేమని సుప్రీంకోర్టు ఆ కోరికను కాదంది. శంకర్‌పల్లి వైపు ప్లాటుకు కొద్దిపాటి అడ్వాన్సిచ్చి, ‘ఇంకా మూడేళ్లు టైముంది’ అని నిద్రపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్లన్నది కోర్టు గుమ్మం తొక్కడానికి గడువు, డబ్బు కట్టడానికి కాదు.

కట్టుబడి పనుల్లో ఇంకో మెలిక ఉంది. ‘గడువు ఈ ఒప్పందానికి ప్రాణం’ అని పెద్దక్షరాల్లో రాసి, కిందే ‘ఆలస్యమైతే రోజుకు ఇంత జరిమానా’, ‘అవసరమైతే గడువు పొడిగించవచ్చు’ అని రాస్తారు. ఆలస్యం జరగొచ్చని మీరే ఒప్పుకున్నట్టు కదా! ఇలాంటి క్లాజులుంటే గడువు ప్రాణమన్న మాట బలం తగ్గిపోతుందని 1979లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీకు ఏది కావాలో ముందే తేల్చుకోండి: ఆలస్యానికి డబ్బా, గడువు దాటితే బయటపడే హక్కా? రెండూ కావాలంటే ‘రోజుకు ఇంత చొప్పున గరిష్ఠంగా 30 రోజులు, ఆపైన రద్దు చేసుకునే హక్కు’ అని విడగొట్టి రాయించండి.

5. సంతకానికి ముందే మాట మార్పించండి

డ్రాఫ్టు మార్చమంటే అవతలివాళ్లు ‘మా మీద నమ్మకం లేదా అండీ?’ అంటారు. ఎదురుగా ఉన్నది చుట్టమైతే మరీ ఇబ్బంది. ‘మీ మీద ఉంది బాబాయ్, జ్ఞాపకశక్తి మీద లేదు’ అని నవ్వుతూ చెప్పి రాయించేయండి.

‘వీలైనంత త్వరగా లింక్ డాక్యుమెంట్లు ఇస్తారు’ బదులు: ‘ఈ అగ్రిమెంటు తేదీ నుంచి 15 రోజుల్లోగా లింక్ డాక్యుమెంట్ల కాపీలు, తాజా ఈసీ ఇస్తారు. ఇవ్వడం ఎన్ని రోజులు ఆలస్యమైతే మిగతా సొమ్ము కట్టే గడువు అన్ని రోజులు జరుగుతుంది.’ (లింక్ డాక్యుమెంట్లంటే ఆ ఆస్తి గతంలో చేతులు మారినప్పటి పత్రాలు. ఈసీ అంటే దాని మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్.)

‘సర్వే అయ్యాక 30 రోజుల్లో’ బదులు: ‘సర్వే అయిన 30 రోజుల్లో. సర్వే 31-03-2026 లోగా కాకపోతే కొనేవారు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు, అడిగిన 7 రోజుల్లో అమ్మేవారు దాన్ని తిరిగి ఇవ్వాలి.’ ఇలా ఆఖరి తేదీ పెడితేనే మూడో రకం మాటలకు తాడు కట్టినట్టవుతుంది.

ఎంత పడుతుందో నిజంగా ఎవరికీ తెలియని పనులుంటాయి, పాత ఇంటి రిపేర్లలాంటివి. అక్కడ సాగే మాటే ఉండనివ్వండి, ఒక కొస మాత్రం కట్టండి: ‘సహేతుక కాలంలో, ఏమైనా 90 రోజులకు మించకుండా.’

కొత్త ఫ్లాటైతే ఇంకో మాట. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా బిల్డరు ధరలో పదిశాతం మించి తీసుకోకూడదని రెరా చట్టం (ఫ్లాట్లు, ప్లాట్ల ప్రాజెక్టుల్ని నియంత్రించే చట్టం) 13వ సెక్షన్. ఒప్పందంలో రాసిన తేదీకి అప్పగించకపోతే 18వ సెక్షన్ కింద మీరు వడ్డీతో డబ్బు వెనక్కి తీసుకుని తప్పుకోవచ్చు, లేదంటే ఫ్లాటు చేతికొచ్చేదాకా నెలనెలా వడ్డీ అడగొచ్చు. ఈ హక్కు వేలాడేది ఆ తేదీ మీదే. అందుకే అప్పగింత తేదీ గడి ఖాళీగా ఉన్న కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టొద్దు, ‘తర్వాత ఫిల్ చేస్తాం సార్’ అన్నా సరే.

6. ఆలస్యం మొదలైందా? నోటీసుతో తేదీ కట్టండి

సంతకం అయిపోయింది, కాగితంలో సాగే మాటే ఉంది. ఇప్పుడేం చేయాలి? అవతలివాళ్లు ఆలస్యం చేస్తున్నప్పుడు సహేతుకమైన కొత్త గడువిచ్చి, అది దాటితే ఒప్పందం రద్దని నోటీసివ్వొచ్చు. అప్పటిదాకా సాగిన గడువు అక్కడితో బిగుసుకుంటుంది. మీరిచ్చే గడువు మాత్రం పనికి తగ్గట్టు ఉండాలి. నెల పట్టే పనికి మూడు రోజులిస్తే నోటీసు నిలబడదు. వాక్యాలు ఇలా ఉండొచ్చు:

‘ఫలానా తేదీ నాటి మన ఒప్పందం ప్రకారం మీరు చేయాల్సిన ఫలానా పని ఇంతవరకు పూర్తి కాలేదు. ఫలానా తేదీల్లో గుర్తు చేశాను. ఫలానా తేదీ సాయంత్రం 5 గంటల్లోగా పూర్తి చేయండి. ఇకపై ఈ తేదీ ఒప్పందానికి ప్రాణం. ఇది దాటితే ఒప్పందాన్ని రద్దు చేసుకుంటాను. ఇప్పటిదాకా జరిగిన ఆలస్యానికి పరిహారం కోరే హక్కును నేను వదులుకోవడం లేదు.’

తిట్లు, ఎత్తిపొడుపులు వద్దు. ఆ కాగితం చదివేది అవతలి మనిషి ఒక్కడే కాదు, రేపు జడ్జి కూడా. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అదే కాపీని వాట్సాప్‌లో, మెయిల్లో కూడా పెట్టండి. వాట్సాప్ మెసేజీలు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తాయి, దానికి చట్టం అడిగే సర్టిఫికెటు జతచేయాలి. అందుకే ఫోను మార్చినా చాట్ పోకుండా చూసుకోండి. లక్షల్లో వ్యవహారమైతే ఈ నోటీసు లాయరు చేతే ఇప్పించండి. ఆ ఫీజు దగ్గర కక్కుర్తి పడొద్దు.

7. ఆలస్యంగా ఇచ్చింది తీసుకునేటప్పుడు నోరు విప్పండి

ఈ మెట్టు నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. మా ఇంటి కిచెన్ కప్‌బోర్డుల పని 45 రోజుల్లో అన్నారు, నాలుగు నెలలు పట్టింది. అద్దె ఇంట్లో అదనంగా ఉన్న నెలల అద్దె మా మీద పడింది. చివరికి పని పూర్తయిన రోజున ఆ సంతోషంలో బ్యాలెన్సు మొత్తం పంపేసి, కాంట్రాక్టరుకు ‘పర్లేదులెండి, పని బాగుంది’ అని మెసేజీ కూడా పెట్టాను. ఆ తర్వాత అద్దె సంగతి ఎత్తితే నా మెసేజీ స్క్రీన్‌షాటే నాకు పంపాడు.

55వ సెక్షన్ చివరి పేరా సరిగ్గా దీని గురించే. గడువు ప్రాణమైన ఒప్పందంలో, గడువు దాటాక చేసిన పనిని మీరు స్వీకరిస్తే, ఆ స్వీకరించే సమయానికే ‘పరిహారం అడుగుతాను’ అని చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోయినట్టే. గడువు ప్రాణం కాని చోట కూడా ‘పర్లేదులెండి’ అని రాసిచ్చాక మీ మాట వినేవాళ్లెవరు? అందుకని తాళాలు తీసుకునేటప్పుడు, డెలివరీ చలానా మీద సంతకం పెట్టేటప్పుడు, ఆఖరి పేమెంటు పంపేటప్పుడు ఒక్క వాక్యం చేర్చండి: ‘ఆలస్యానికి పరిహారం కోరే హక్కుకు లోబడి స్వీకరిస్తున్నాను.’ చలానా మీద జాగా లేకపోతే పక్క అంచున రాసి ఫొటో తీసుకోండి.

మీరే దయతలచి గడువు పెంచుతున్నారా? 63వ సెక్షన్ ప్రకారం పెంచొచ్చు, దానికి ప్రతిఫలం కూడా అక్కర్లేదు. కానీ ‘సరే, చూసి చేయండి’ అనొద్దు. ‘15-08-2026 దాకా, ఇదే ఆఖరు’ అనండి.

8. డబ్బు దగ్గర, అద్దె దగ్గర ‘సహేతుకం’

‘గడువు దాటితే అడ్వాన్సు మొత్తం జప్తు’ అని రాసినా, మొత్తం మింగేయడానికి అది లైసెన్సు కాదు. ముందే రాసుకున్న మొత్తం పైపరిమితి మాత్రమే. దానికి లోబడి సహేతుకమైన పరిహారమే ఇప్పించాలని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. 2015లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటుంది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1982లో ఒక ప్లాటును 3.12 కోట్లకు వేలం వేసి 78 లక్షలు బయానా తీసుకుంది. తానే గడువులు జరుపుకుంటూ వచ్చి, చివరికి బయానా జప్తు చేసింది. అదే ప్లాటు 1994లో 11.78 కోట్లకు పోయింది. నష్టమే లేనప్పుడు జప్తెక్కడిదని కోర్టు ఆ 78 లక్షలు తిరిగి ఇమ్మంది.

అద్దె ఇళ్లలో రోజూ గొడవయ్యేది ‘సహేతుకమైన అరుగుదల’ దగ్గర. అద్దెకున్నవారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి, సహేతుకమైన అరుగుదలను మినహాయించి, అని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే వర్తించేది ఇదే. మూడేళ్లున్నాక గోడ రంగు వెలిసిందంటే అది అరుగుదల. మేకులు కొట్టి పెచ్చులూడదీస్తే కాదు. డిపాజిట్‌లోంచి పెయింటింగు పేరుతో నెల అద్దె కోసుకోవడం హైదరాబాద్‌లో వాడుక కావచ్చు, కాగితంలో లేకుండా కోసుకునే హక్కు మాత్రం కాదు. ఇంట్లో దిగిన రోజున గదిగదికీ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపి పెట్టుకోండి. ఓనరు ఇల్లు చూసుకోవడానికి రావడం కూడా ‘సహేతుకమైన వేళల్లో’నే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. రాత్రి పదిన్నరకు ట్యాంకు చూస్తానంటూ కాలింగ్ బెల్లు కొట్టడం ఆ లెక్కలోకి రాదు.

9. గడువు రోజున మీ వైపు నుంచి సిద్ధంగా ఉన్నట్టు రుజువు పెట్టుకోండి

స్థలం కొనేవాళ్లకు ఇది ముఖ్యం. అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు రాకపోతే, చేయించమని కోర్టుకెళ్లేటప్పుడు మొదటినుంచీ మీరు సిద్ధంగా ఉన్నారని, మనస్ఫూర్తిగా కోరుకున్నారని మీరే చూపించాలి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం అడిగేది అదే. గడువుకు పది రోజుల ముందే ‘డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా రోజు ఫలానా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు రండి’ అని రాతపూర్వకంగా చెప్పండి. ఆ వారంలో మీ ఖాతాలో మిగతా సొమ్ము ఉన్నట్టు, లేదా లోను మంజూరైనట్టు కాగితం తీసి పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసి ప్రింటు తీయండి. ఆ రోజు నిజంగానే వెళ్లండి. అమ్మేవాళ్లు రాకపోతే అక్కడి నుంచే ‘ఉదయం 11 నుంచి ఇక్కడే ఉన్నాను’ అని మెసేజీ పెట్టండి, ఆఫీసు బోర్డు ఫొటోతో సహా. వారంలోగా ఆరో మెట్టులో చెప్పిన నోటీసు వెళ్లిపోవాలి.